నిప్పు లేని పొగ

మా ఇంట్లో అమ్మ ముక్కుకు ఎదురు లేదు. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున లేవగానే అమ్మ గుమ్మంలో నిలబడి గాలి పీల్చి తీర్పు చెప్పేది. "ఇయ్యాల మందుల కంపెనీ గబ్బు. కిటికీలు మూయుండ్రి" అనేది. లేదంటే "మల్లాపూర్ దిక్కుకెల్లి రంగు వాసనొస్తున్నది, బట్టలు లోపల్నే ఆరేయుండ్రి" అనేది. బీరువాలకు కొట్టే రంగు, ఆ రంగును పలచన చేసే తిన్నరు, మందుల కంపెనీల నుంచి వచ్చే కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన, ఉప్పల్ రోడ్డు మీది డీజిలు, దేనికదే విడదీసి చెప్పగలిగేది. జనగామ దగ్గర మా ఊళ్లో ఉన్నప్పుడు ఇదే ముక్కుతో వానను ముందే పసిగట్టేదట. నాన్న పోయాక మా ఇద్దరినీ వెంటబెట్టుకుని పట్నం వచ్చిన మనిషికి ఆ విద్య ఇలా పనికొచ్చింది.

పొద్దున గబ్బు ఎంత ఉన్నా, ఎండ ఎక్కేకొద్దీ అది పలచబడేది. మధ్యాహ్నం రెండు దాటాక గుమ్మంలో నిలబడితే ఏ వాసనా తగిలేది కాదు. "ఇగ గాలి సాఫైంది" అని అమ్మ కిటికీలు బార్లా తెరిచేది. ఆ సాఫైన గాలే కొన్నేళ్లపాటు నాకు నిద్రాహారాల మీద ధ్యాస లేకుండా చేసింది.

నాకొక చెల్లె ఉంది. చిన్నప్పటి నుంచీ దానికి ఒకటే పట్టుదల, పోలీసు కావాలని. ఎందుకని అడిగితే "గట్లనే" అనేది. డిగ్రీ అయ్యాక మల్లాపూర్‌లో ఒక ప్యాకింగ్ యూనిట్లో చేరింది గానీ, చేతులు డబ్బాలకు లేబుళ్లు అతికిస్తున్నా చెవులు మాత్రం నోటిఫికేషన్ ఎప్పుడా అని నిక్కబొడుచుకుని ఉండేవి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ అంటే ఏడాదికొకటి పడేది కాదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులవి. ఈసారి పడితే మళ్లీ ఎప్పుడో, అసలు ఏ రాష్ట్రంలోనో ఎవరికీ తెలియదు. చివరికి పడింది. లెక్క చూసుకుంటే మా చెల్లె వయసుకు అదే ఆఖరు అవకాశం. మర్నాడే పని మానేసి వచ్చి, "ఇది రాకుంటే నాకు ఇగ ఏదీ లేదక్కా" అంది. అంత నెమ్మదిగా అది ఎప్పుడూ మాట్లాడదు, అందుకే భయమేసింది.

రాత పరీక్ష అంటే దానికి లెక్క లేదు. గండమంతా పరుగు. ఆడపిల్లలకు పెట్టిన దూరాన్ని వాళ్లు చెప్పిన టైములో దాటాలి, దాటకపోతే మిగతావేవీ చూడరు.

మా ఇంటికి దగ్గర్లో ఒక మైదానం ఉండేది. పేరుకే మైదానం, సగం రాళ్లు, సగం క్రికెట్ ఆడే పిల్లలు. మొదటి రోజు పొద్దున్నే చెల్లె ట్రాక్ ప్యాంటు వేసుకుని పోయింది. చాయ్ బండి దగ్గరున్న మగవాళ్లంతా గ్లాసులు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకడు ఫోనులో ఫోటో తీశాడు. మర్నాడు చూసేవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. సాయంత్రం పోతే అదే వరస. మా వాడలో ఆడపిల్ల పరుగెత్తడమంటే ఎవరో తరుముతున్నారనో, బస్సు పోతోందనో అనుకోవాలి తప్ప, ఊరికే పరుగెత్తుతుందని ఎవరికీ తట్టదు. చెల్లె ఉక్రోషంతో ఇంటికొచ్చి బూట్లు మూలకు విసిరేసింది.

దారి చూపింది అమ్మే. "పగటీలి పోదాం. ఎర్రటి ఎండల ఒక్కడన్న ఉంటడా? గాలి కూడా సాఫుంటది. నేనొస్తా" అంది. అలా మధ్యాహ్నం మూడింటికి, కుక్కలు కూడా నీడకు చేరే వేళలో, మైదానం మా వాళ్ల సొంతమైంది. అమ్మ గొడుగు వేసుకుని గోడ పక్కన రాయి మీద కూర్చునేది. ఒళ్లో గంజి బాటిలు, భుజం మీద చెల్లె చున్నీ. ఎవరైనా సైకిలు మీద వచ్చి ఆగితే, "ఏం గావాలె బిడ్డా" అని అడిగే తీరుకే వాడు పెడలు తొక్కేవాడు. సైనిక్‌పురిలో ఒక ఇంట్లో పొద్దున వంట చేసి, బస్సు దిగి, నడుము వాల్చకుండా వచ్చి ఈ కాపలా కాసేది. మా వీధి ఆడవాళ్లు తర్వాత తమ పిల్లలను కూడా ఆ వేళకే పంపడం మొదలుపెట్టారు. నలుగురైదుగురు పరుగెత్తుతుంటే, గొడుగు కింద మా అమ్మ ఒక్కతే పెద్దదిక్కు.

నేను అప్పటికి ఉప్పల్‌లో ఒక ప్రాజెక్టులో అసిస్టెంటుని. గాలిలో ఏముందో కొలిచే పని. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినందుకు దొరికింది, ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉంటుంది. మేడ మీద ఒక మిషను గాలిని లోపలికి లాగి తెల్లటి వడపోత కాగితం గుండా పంపుతుంది. పూటకొక కాగితం మార్చి, రేకులో చుట్టి, ఫ్రీజరులో పెట్టడం నా వంతు. దాన్ని కాల్చి, వచ్చే కర్బనాన్ని లెక్క కట్టేవాడు మా సారు. గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, పని విషయంలో మాత్రం చండశాసనుడు. వేలి ముద్ర పడిందంటే కాగితం పారేయమనేవాడు.

పొద్దుటి కాగితం నల్లగా ఉండేది, మసి. మధ్యాహ్నం కాగితం లేత గోధుమ రంగులో, చాయ్ ఒలికి ఆరిన గుడ్డలా ఉండేది. చూడగానే ఏది శుభ్రం అంటే ఎవరైనా మధ్యాహ్నందే చూపిస్తారు. నేనూ అదే అనుకునేదాన్ని. ఒకరోజు ఫలితాల పట్టిక ముందు పెట్టుకుని సారు అన్నాడు, "చూశారా, మసి తగ్గింది, కానీ సేంద్రియ పదార్థం మాత్రం మధ్యాహ్నమే ఎక్కువైంది. ఇది ఏ గొట్టం నుంచీ రాలేదు. గాలిలోనే పుట్టింది."

గాలిలో పుట్టడమేమిటని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. బస్సు వెనక నుంచి వచ్చే పొగ, పొయ్యి పొగ పుట్టుకతోనే కణాలు. మన కళ్లకు, ముక్కుకు దొరుకుతాయి. పెట్రోలు ఆవిరి, రంగుల ఆవిరి, తిన్నరు, మందుల కంపెనీల ద్రావకాలు, ఆఖరికి చెట్ల ఆకులు వదిలే ఆవిరి కూడా, ఇవి వాయువులు. వీటికి వాసన ఉంటుంది గానీ రేణువు ఉండదు. ఎండ కాసేకొద్దీ గాలిలో ఓజోన్ లాంటివి తయారై ఈ ఆవిర్లను పట్టుకుని మార్చేస్తాయి. మారినకొద్దీ అవి బరువెక్కి, ఇక ఆవిరిగా తేలలేక, దొరికిన నలుసు మీద పేరుకుంటాయి. నలుసు దొరక్కపోతే తమలో తామే గుంపుకట్టి కొత్త నలుసవుతాయి. అన్నం గిన్నె మూతకు ఆవిరి పట్టినట్టే. అవి ఎంత సన్నవంటే ముక్కులోని వెంట్రుకలకు చిక్కకుండా నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి.

"మరి వాసన?" అన్నాను.

"వాసన ఇచ్చే పదార్థమే మారిపోతే వాసనెక్కడుంటుందమ్మా?" అన్నాడు సారు.

ఆ క్షణంలో నా కళ్ల ముందు గొడుగు, గంజి బాటిలు, మూడు గంటల ఎండలో పరుగెత్తుతున్న మా చెల్లె. కొన్ని వారాలుగా అది పరుగయ్యాక దగ్గుతోంది. ఛాతీ పట్టేసినట్టు ఉందంటోంది. టైము మెరుగుపడాల్సింది పోయి, ఒక దగ్గర ఆగిపోయింది. దవాఖానాలో సిరప్పు ఇచ్చారు, ఎండదెబ్బ అన్నారు. సారుకు ఇదంతా చెప్పాను. ఆయన కాగితం కింద పెట్టి, "నేను డాక్టర్ని కాను. ఆ దగ్గు దీనివల్లే అని చెప్పలేను. కానీ పరుగెత్తేవాళ్లు మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు గాలి లోపలికి లాగుతారు. ఓజోన్ ఒక్కటే చాలు ఛాతీ పట్టేయడానికి. నా కూతురైతే ఆ వేళకి పంపను" అన్నాడు.

ఇంటికెళ్లి చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చెల్లె చెప్పులు విడుస్తూనే నవ్వేసింది. "వాసన లేదు, పొగ లేదు, దుమ్ము లేదు. కండ్లకు గనవడనిది ముక్కుకు తెల్వనిది నీకు మిషన్ల గనవడ్డదా?" అంది. అమ్మ గుమ్మంలోకి పోయి ఒకసారి గాలి పీల్చి వచ్చి కూర్చుంది. ఆమె తీర్పు ముగిసింది.

ఆ తర్వాత నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆఫీసులో మూడు కాగానే మేడ ఎక్కేదాన్ని. నాచారం వైపు ఆకాశం నీలంగా ఉండాల్సింది, పాలు విరిగిన నీళ్లలా తెల్లగా కనిపించేది. చెల్లె ఇప్పుడు ఎన్నో చుట్టు తిరుగుతోందో అనుకునేదాన్ని. నాకు తెలిసిన సంగతి నా దగ్గరే ఉండిపోవడం ఒక దురద. ఇంట్లో ప్రతి మాటా తగువులోకే పోయేది. కూరలో ఉప్పెక్కువైందని మొదలుపెట్టి ఓజోన్ దగ్గర తేలేదాన్ని. ఒకరోజు బూట్లు దాచాను. చెల్లె వట్టి కాళ్లతో పరుగెత్తి, రాయి గుచ్చుకుని వచ్చింది. బూట్లు తీసి దాని ముందు పెట్టాను, మూడు రోజులు మాట్లాడుకోలేదు.

మధ్యలో బంద్‌లు వచ్చేవి. బస్సులుండవు, ఫ్యాక్టరీలు మూత, రోడ్లన్నీ పిల్లల క్రికెట్‌కే. నడిచి ఆఫీసుకు పోయి కాగితం మార్చి వచ్చేదాన్ని. బంద్ రోజు కాగితం, ముందు రోజు కాగితం పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపించేది. సారు దాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని, "మీ ఉద్యమం సంగతేమో గానీ, నా డేటాకి మాత్రం మహా మేలు చేస్తోంది" అన్నాడు. "మా రాష్ట్రం మాకొస్తే మీ డేటా ఎవరికి పోతది సారూ?" అన్నాను. "గాలికి సరిహద్దు గీయండి చూద్దాం" అన్నాడు నవ్వుతూ. ఆ రోజుల్లో ఆఫీసుల్లో ఇలాంటి మాటలకు మొహాలు మాడిపోయేవి. మా ఇద్దరికీ ఎందుకో నవ్వొచ్చేది.

నా ఆరాటం చూడలేక ఆయనే అన్నాడు, "ఒక శనివారం మీ వాళ్లని తీసుకురండి. చెప్తే నమ్మనివాళ్లకి చూపించడమే మార్గం."

అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. చెల్లె నా మీద దయతలచి వచ్చినట్టు మొహం పెట్టింది. ల్యాబులో బల్ల మీద మూతపెట్టిన గాజు తొట్టి ఉంది, ఎవరో చేపలు పెంచి వదిలేసిన తొట్టి. సారు గదిలో లైట్లు ఆపి, సన్నటి ఎర్ర లేజరు దీపాన్ని తొట్టి గుండా వేశాడు. ఇవతల గాజు మీద ఒక చుక్క, అవతల గాజు మీద ఒక చుక్క. మధ్యలో ఏమీ లేదు. "చూడండమ్మా, లోపల గాలి శుభ్రంగా ఉంది. కణాలు ఉంటే వెలుగు దారి కనిపించేది" అన్నాడు. తర్వాత చెల్లె చేతికి ఒక పండు ఇచ్చి, "ఈ కమలాపండు తొక్క తీసి లోపల వేయమ్మా" అన్నాడు.

"సంత్ర" అని అమ్మ నాకు మెల్లగా చెప్పింది, నాకు తెలియనట్టు.

చెల్లె తొక్క వలిచి లోపల పిండింది. గదంతా ఆ వాసనే. అమ్మ మొహం విచ్చుకుంది. ఎర్ర దీపం దారి ఇంకా కనిపించలేదు. అప్పుడు సారు పక్కనున్న చిన్న మిషను నుంచి గొట్టం గుండా కొంచెం ఓజోన్ లోపలికి వదిలాడు. కాసేపు ఏమీ జరగలేదు. చెల్లె నా వైపు చూసి పెదవి విరిచింది. ఇంతలో రెండు చుక్కల మధ్య ఒక పోగు కనిపించింది, దారం వేలాడదీసినట్టు. చూస్తుండగానే అది తాడంత అయింది. సారు లైట్లు వేశాడు. తొట్టిలో పలచగా, నీలంగా పొగ. అగ్గిపుల్ల గీసింది లేదు, ఏదీ కాలింది లేదు.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా," అన్నాడు సారు, "ఇది నిప్పు లేని పొగ. పండు తొక్క బదులు తిన్నరు, పెట్రోలు అనుకోండి. గొట్టం బదులు ఎండ. తొట్టి బదులు మీ నాచారం."

అమ్మ ముందుకు వంగింది. సారు చేయి అడ్డం పెట్టి, "మొహం పెట్టకండమ్మా, దూరం నుంచే" అని మూత కొంచెం జరిపాడు. అమ్మ దూరం నుంచే పీల్చింది. ఇంకోసారి పీల్చింది. "సంత్ర వాసనేదీ?" అంది.

ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. హబ్సిగూడ దాటాక నా చేయి పట్టుకుని, "అంటే, ఇన్ని దినాలు నేనే కూసోని దానికి గా పొగ తాపిన్నా?" అంది. కాదమ్మా, నీకేం తెలుసు అన్నాను. వెనక సీట్లోంచి చెల్లె కూడా ఏదో అనబోయి దగ్గింది. ఆ దగ్గుకు అమ్మ ఉలిక్కిపడటం నాకు ఇప్పటికీ గుర్తే. నేను ఇన్నాళ్లూ కోరుకున్నది వాళ్లు నమ్మాలని. నమ్మాక అమ్మ మొహం చూస్తే నా గెలుపు నాకే చేదైంది.

ఇంటికి రాగానే ముందు వీధి పిల్లలందరి ఇళ్లకూ పోయి, రేపటి నుంచి పగటీలి గ్రౌండు లేదని చెప్పింది. ఎందుకంటే ఆమె చెప్పిన కారణం విని ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. తర్వాత మాకు సైనిక్‌పురి సంగతి చెప్పింది. తను వంట చేసే ఇంటి మేడమ్ రిటైరైన మిలిటరీ ఆఫీసరు భార్య. తెల్లవారకముందే బూట్లు వేసుకుని వీధుల్లో నడుస్తుంది. ఆమెతో పాటు ఇంకా చాలామంది ఆడవాళ్లు. కొందరు పరుగే పెడతారు. "ఆడ ఎవ్వలు ఎవ్వల్ని జూడరు. ఎవ్వలి దౌడు ఆళ్లది" అంది. ఇంత కాలం ఆ ఇంటికి పోయి వస్తూ, ఆ వీధుల్లో తన కూతురు కూడా పరుగెత్తొచ్చని ఆమెకు తట్టనే లేదట. అది వాళ్ల చోటు, మనం పని చేసి వచ్చే చోటు, అంతే అనుకుందట.

సారును అడిగాను, అక్కడి గాలి మంచిదేనా అని. "మంచిదని రాసివ్వను. ఇక్కడ పుట్టింది గాలివాటుకు అక్కడికీ పోతుంది. పైగా అక్కడి చెట్లూ ఆవిరి వదులుతాయి. కానీ తెల్లవారుజామున ఎండ ఇంకా పని మొదలుపెట్టదు, ఆ వీధుల్లోకి లారీలు రావు. ఉన్నంతలో అదే నయం" అన్నాడు. ఉన్నంతలో నయం అనే మాట మీదే మా ఇల్లు నడిచింది ఎప్పుడూ.

మొదటి బస్సు పట్టుకుని, మధ్యలో బస్సు మారి, ముగ్గురం పోయేవాళ్లం. అమ్మ పనికి, చెల్లె పరుగుకు, నేను ఊరికే. నాకు కుదురుండేది కాదు కాబట్టి. గోడల మీద కాగితం పూలు, గేట్ల ముందు నీళ్లు చల్లిన వాకిళ్లు. నిజంగానే ఎవరూ చూడలేదు. ఒక పెద్దాయన మాత్రం రోజూ ఎదురుపడి, చేతి గడియారం చూపించి, "ఇంకా వేగం, బేటీ" అనేవాడు. రెండు నెలల్లో దగ్గు తగ్గింది. ఆగిపోయిన టైము కదిలింది. చెల్లె బస్సులో నా భుజం మీద తల పెట్టి పడుకునేది, అలసిపోయిన మనిషికి పట్టే మంచి నిద్ర. నేను మాత్రం కిటికీలోంచి ఆకాశం రంగు చూస్తూనే ఉండేదాన్ని. నాకు తెలిసింది తెలియకుండా పోదు కదా.

పరుగు రోజు వచ్చింది. ఊరికి అవతల ఒక మైదానంలో. పొద్దున్నే రమ్మన్నారు. సర్టిఫికెట్లు చూడటం, ఎత్తు కొలవడం, ఛాతీ మీద నంబరు కట్టడం, షామియానా కింద కూర్చోబెట్టడం, ఇలా ఒక్కో గుంపును పిలుస్తూ పోయారు. వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు, ఎవరి తప్పూ లేదు. పది దాటింది, పన్నెండు దాటింది. గేటు బయట అమ్మ, నేను. ఎండ నడినెత్తిన పడి అవతలికి వాలింది. మా చెల్లె గుంపును పిలిచేసరికి మూడు కావొస్తోంది.

ఇన్ని నెలలు ఏ వేళ నుంచి దాన్ని తప్పించానో సరిగ్గా ఆ వేళకే దాన్ని గీత మీద నిలబెట్టారు. అవతల గుట్ట కనిపించాల్సిన చోట తెల్లటి తెర. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ నా వైపు చూడలేదు, ఆకాశం వైపూ చూడలేదు. కళ్లు మూసుకుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఈలలు వినిపించాయి. దుమ్ము లేచింది. దూరంగా పరుగెత్తే తలల్లో మాది ఏదో పోల్చుకోలేకపోయాను.

చాలాసేపటికి బయటికి వచ్చింది. మమ్మల్ని దాటుకుని పోయి ఫుట్‌పాత్ మీద కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు, ఊపిరి తీస్తుంటే పిల్లంగోవి లాంటి చప్పుడు. అమ్మ నీళ్లు తాగించి, వీపు రాసింది. ఊపిరి అందాక చెల్లె, "అయిందమ్మా. దాటిన" అంది. అమ్మ అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. నేను కూడా. నాకు సంతోషంతో పాటు కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. రాత పరీక్ష, ఫలితం, నెలల తరబడి ట్రైనింగు. ట్రైనింగు నుంచి వచ్చేసరికి నల్లబడి, భుజాలు వెడల్పై, నడకే మారిపోయింది. మా వీధి వాళ్లు, ఆ చాయ్ బండి దగ్గరివాళ్లే, "ఏం మేడమ్" అని పలకరించారు. ఆ ఎండాకాలమే రాష్ట్రం కూడా వచ్చింది. వీధి వీధినా రంగులు చల్లుకున్నారు, పటాకులు కాల్చారు. మర్నాడు నేను మార్చిన కాగితం ఎలా ఉందో నేనెవరికీ చెప్పలేదు. సంతోషంలో ఉన్నవాళ్లకు కాగితం చూపించే అలవాటు అప్పటికి మానుకున్నాను.

పోస్టింగు ట్రాఫిక్‌లో పడింది. ఉప్పల్ చౌరస్తాలో. ఆ చౌరస్తాలో అప్పుడు మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వేసి ఉంది. నాలుగు వైపుల నుంచీ బస్సులు, వరంగల్ లారీలు, పెట్రోలు బంకులు, ఆటోలు. సంగతి విన్నప్పుడు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. దాని ఊపిరి కాపాడుకుంటూ వస్తే, ఆ ఊపిరితో గెలుచుకున్న ఉద్యోగం దాన్ని తీసుకుపోయి పొగ మధ్యలో నిలబెట్టింది. అమ్మ మాత్రం, "సర్కారు నౌకరి బిడ్డా, యాడేస్తే ఆడ నిలవడాలె" అంది. అంటూనే పాత చీర చింపి ముక్కుకు కట్టుకోవడానికి మడతలు కుట్టింది.

డ్యూటీలో చేరిన మొదటి రోజే చెల్లె నాకు ఫోన్ చేసింది. నేను మేడ మీద కాగితం మారుస్తున్నాను.

"అక్కా, గీడ రెండు షిఫ్టులున్నయి. నాకొకటి, నాతోని వచ్చిన ఇంకో పిల్లకొకటి. మీరే మాట్లాడుకొని చెప్పుండ్రి అన్నడు మా ఎస్సై సారు. పొద్దటిది దీసుకోవాల్నా, పగటిదా?"

ఆలోచించలేదు. "పొద్దటిదే తీసుకో" అన్నాను. పొద్దున మసి ఉంటుంది, దానికి గుడ్డ కట్టుకుంటే కొంతైనా ఆగుతుంది. మధ్యాహ్నం మసితో పాటు ఆ రెండోది, గాలిలో పుట్టేది కూడా ఉంటుంది, దాన్ని గుడ్డ ఆపదు. ఇవన్నీ గబగబా చెప్పాను.

"వింటున్నవా?"

"వింటున్న. మరి గట్లయితే పగటిది ఆమెకు వడతది."

"పడనీ."

"ఆమె నీళ్లు వోసుకున్నదక్కా. మూడో నెల. ఇంక ఎవ్వలికి చెప్పలే, నాకు ఒక్కదానికే చెప్పింది."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. ఇద్దరూ కలిసి వేరే చోటు అడగండి అన్నాను. కొత్తోళ్లం, ఏం అడుగుతం అంది. అయినా సరే నువ్వు పొద్దటిదే తీసుకో అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె ఎవరో నాకు తెలియదు. చెల్లె నాది. నేను మాట్లాడకపోవడంలోనే ఆ మాట దానికి వినిపించినట్టుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవు," అంది చెల్లె. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. "తెల్వకుంటే పొద్దటిదే దీసుకుందును. ఇప్పుడు తెలిసినంక ఎట్ల దీసుకోవాలె, నువ్వే చెప్పు."

అది మధ్యాహ్నం షిఫ్టు తీసుకుంది.